పేజీ 194

జార్జ్ విలియం హంటర్ రాసిన 'ఎ సివిక్ బయాలజీ' అనే పాఠ్యపుస్తకం 1914లో అమెరికాలో అచ్చయింది. హైస్కూలు పిల్లల పుస్తకం. ఇంట్లో ఈగలు ఎలా పెరుగుతాయి, పాలు ఎందుకు కాచుకోవాలి, ఊళ్ళో మురుగు ఎటు పోవాలి వంటి పనికొచ్చే సంగతులే ఎక్కువ. జీవపరిణామానికి అందులో దక్కినవి నాలుగైదు పేజీలు. ఆ కాసిని పేజీల మీద ఒక రాష్ట్రం చట్టం చేసింది, కోర్టు కూర్చుంది, దేశమంతా రేడియో దగ్గర చెవులు పెట్టుకుని వింది.

డార్విన్‌కీ బైబిల్‌కీ జరిగిన పోరు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ కోర్టు, అందులో తలపడ్డ ఇద్దరు మహావక్తలు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన నాకు మాత్రం అది మొదటి నుంచి చివరిదాకా పాఠ్యపుస్తకం కథ. కోర్టులో ఎవరు గెలిచారన్నది పత్రికలకెక్కుతుంది. పుస్తకంలో ఏ పేజీ మిగిలింది, ఏ పేజీ ఎగిరిపోయింది అన్నది పంతులుకే తెలుస్తుంది.

1925 మార్చిలో టెనెసీ రాష్ట్రం బట్లర్ చట్టం తెచ్చింది. ప్రతిపాదించిన జాన్ వాషింగ్టన్ బట్లర్ రైతు, శాసనసభ్యుడు. మనిషిని దేవుడు సృష్టించాడన్న బైబిల్ కథనాన్ని కాదని, మనిషి తక్కువ తరగతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో చెబితే నేరం. జరిమానా నూరు నుంచి ఐదు వందల డాలర్లు. సంతకం చేసిన గవర్నర్ ఆస్టిన్ పేకి కూడా దీన్ని ఎవరైనా అమలు చేస్తారన్న నమ్మకం లేదు. ఇందులోని చిక్కు ఏమిటంటే, హంటర్ పుస్తకాన్ని బడుల్లో వాడాలని ఎంపిక చేసింది ఆ రాష్ట్రమే. పాఠం చెబితే చట్టం ఊరుకోదు, చెప్పకపోతే సిలబస్ ఊరుకోదు. ఆ ఇరకాటంలో నిలబడ్డవాడు బడిపంతులు.

రియా కౌంటీలో డేటన్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా రెండు వేలకు లోపే. బొగ్గు, ఇనుము పరిశ్రమ చితికిపోయి ఊరు దిగాలుగా ఉన్న రోజులవి. ఈ చట్టాన్ని కోర్టులో సవాలు చేసే టీచరుకు అండగా ఉంటామని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ పత్రికా ప్రకటన ఇచ్చింది. ఆ ఊళ్ళో గనుల కంపెనీ వ్యవహారాలు చూసే జార్జ్ రాపిల్‌యే అది చదివి, రాబిన్సన్ మందుల షాపులో కూర్చునే పెద్దమనుషుల ముందు పెట్టాడు. కేసు మన ఊళ్ళోనే పెడితే ఊరి పేరు మోగిపోతుంది, నాలుగు డబ్బులొస్తాయి అనుకున్నారు. టెన్నిస్ ఆడుకుంటున్న ఇరవైనాలుగేళ్ళ జాన్ స్కోప్స్‌ను పిలిపించారు. అతను ఫుట్‌బాల్ కోచ్, లెక్కలూ ఫిజిక్సూ చెప్పేవాడు. బయాలజీ టీచరు రానప్పుడు కొద్దిరోజులు ఆ క్లాసు చూశాడు, అంతే.

హంటర్ పుస్తకం చెబుతూ పరిణామం చెప్పకుండా ఉండలేమని స్కోప్స్ అన్నాడు. పుస్తకం అక్కడే దొరికింది, ఆ షాపులోని అరలోనే. మందుల షాపు యజమాని రాబిన్సన్ స్కూలు బోర్డుకు చైర్మన్, ఊరి పిల్లలకు పాఠ్యపుస్తకాలు అమ్మేదీ ఆయనే. బోర్డు చైర్మన్ తన కొట్లో అమ్మిన పుస్తకాన్ని క్లాసులో చెప్పినందుకు ఆ బోర్డు కింద పనిచేసే టీచరు ముద్దాయి అయ్యాడు. ఇంతా చేసి, తాను ఆ పాఠం నిజంగా చెప్పానో లేదో గుర్తులేదని స్కోప్స్ ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఆత్మకథలో రాసుకున్నాడు. విచారణలో అతన్ని సాక్షి బోను ఎక్కించనే లేదు.

జూలై 10న విచారణ మొదలైంది. ప్రాసిక్యూషన్ వైపు విలియం జెన్నింగ్స్ బ్రయాన్, మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడినవాడు, విదేశాంగ మంత్రిగా చేసినవాడు. ముద్దాయి వైపు క్లారెన్స్ డారో, ఆ కాలపు అమెరికాలో పేరుమోసిన క్రిమినల్ లాయరు. చికాగో నుంచి రేడియో వాళ్ళు వచ్చి మైకులు పెట్టారు. ఎండ మండిపోతోంది. కోటు విప్పిన లాయర్లు విసనకర్రలతో విసురుకుంటూనే వాదించారు. ఊరంతా తిరునాళ్ళలా తయారైంది, చింపాంజీని తెచ్చి ఆడించినవాళ్ళూ ఉన్నారు. ఆ సందడి గురించి రాసినవాళ్ళు చాలామంది. నాకు ముఖ్యమనిపించేది జూలై 16న బ్రయాన్ చేసిన ప్రసంగం.

ఆయన హంటర్ పుస్తకం చేతిలో పట్టుకుని 194వ పేజీ తెరిచాడు. అక్కడ ఒక బొమ్మ ఉంది. జంతువులను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక వృత్తం గీశారు. జాతుల సంఖ్య ఎంత పెద్దదైతే వృత్తం అంత పెద్దది. కీటకాలు 3,60,000 అని పెద్ద వృత్తం. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు వేరువేరు వృత్తాలు. క్షీరదాలకు 3,500 అని చిన్న వృత్తం. మనిషికి విడిగా వృత్తం లేదు. ఆ 3,500లో ఒకడు. బ్రయాన్ ఈ అంకెలన్నీ జనానికి ఒక్కొక్కటే చదివి వినిపించాడు. మనిషిని తెచ్చి మిగతా జంతువులతో కలిపి ఇంత చిన్న గుండ్రంలో బంధించారు, సింహాల బోనులో పడేసిన దానియేలు పరిస్థితి కూడా ఇంతకన్నా నయం అన్నాడు. జనం నవ్వారు.

ఆ బొమ్మ పక్కన నేను చాలాసేపు ఆగుతాను. బోర్డు మీద క్షీరదాల వర్గీకరణ రాసి హోమో సేపియన్స్ దగ్గరకు వచ్చినప్పుడు క్లాసులో ఒక్క క్షణం కదలిక వస్తుంది. అప్పటిదాకా కప్ప, బొద్దింక, కుందేలు. అవి వాటి గురించి. ఇప్పుడు తమ గురించి. బ్రయాన్‌ను కలవరపెట్టింది సరిగ్గా అదే. పరిశీలించి చూస్తే ఆయన ఆ పేజీని చాలామంది సైన్స్ టీచర్లకన్నా శ్రద్ధగా చదివాడు. అందులో ఉన్న అసలు మాటేమిటో పట్టుకున్నాడు. దానికి భయపడ్డాడు.

బ్రయాన్‌ను మూర్ఖుడిగా చూపించడం నాటకాల వల్ల, సినిమాల వల్ల వచ్చిన అలవాటు. ఆడవాళ్ళకు ఓటు హక్కు కోసం, రైతుల కోసం, చిన్నవాళ్ళ కోసం జీవితమంతా మాట్లాడిన మనిషి ఆయన. బలవంతుడు బలహీనుణ్ణి తొక్కడమే ప్రకృతి ధర్మమని జనం నేర్చుకుంటే లోకం ఏమైపోతుందన్న దిగులు ఆయనది. పరిణామ సిద్ధాంతం అలా చెప్పదు, ఆయన తప్పుగా అర్థం చేసుకున్నాడు. కానీ ఆ దిగులుకు ఆధారం హంటర్ పుస్తకంలోనే ఉంది. పరిణామం పేజీలకు కాస్త అటుగా మనుషులను ఐదు జాతులుగా విడదీసి, తెల్లవాళ్ళను అందరికన్నా పైన కూర్చోబెట్టాడు హంటర్. ఇంకా ముందుకెళ్తే సుజననశాస్త్రం పాఠం. పేదరికం, నేరం, మందబుద్ధి వంశపారంపర్యమని చెప్పి, అలాంటి కుటుంబాలను సమాజానికి పట్టిన పరాన్నజీవులని రాశాడు. ఆ బడి పుస్తకాన్ని ఇప్పుడు చదివితే చేయి వణుకుతుంది. ఆ కోర్టులో వాదోపవాదాలన్నీ కోతి చుట్టూ తిరిగాయి గానీ, ఆ పేజీల చుట్టూ తిరగలేదు. పుస్తకంలో నిజంగా కొట్టేయాల్సిన పేజీలు అవే.

ఇక గ్రంథం మాట. బైబిల్‌ను ఎవరు ఎలా చదవాలన్నది ఆ కేసుకు గుండెకాయ. ప్రాసిక్యూషన్ బైబిల్‌ను సాక్ష్యంగా దాఖలు చేసినప్పుడు, ఏ బైబిల్ అని ముద్దాయి తరపు లాయరు ఆర్థర్ గార్‌ఫీల్డ్ హేస్ అభ్యంతరం చెప్పాడు. చట్టంలో 'బైబిల్' అని ఉంది గానీ ఏ పాఠమో, ఏ వ్యాఖ్యానమో లేదు. ముద్దాయి పక్షం పిలిపించిన పండితుల్లో చాలామంది భక్తులే. జాన్స్ హాప్కిన్స్ జంతుశాస్త్రవేత్త మేనార్డ్ మెట్‌కాఫ్ చర్చిలో బైబిల్ క్లాసు చెప్పేవాడు. హార్వర్డ్ భూగర్భశాస్త్రవేత్త కర్ట్‌లీ మేథర్ బాప్టిస్టు. చికాగో దైవశాస్త్ర కళాశాల డీన్ షైలర్ మాథ్యూస్ వాంగ్మూలం పంపాడు. ఆదికాండాన్నీ పరిణామాన్నీ ఒకే మనిషి ఒకే మనసులో పెట్టుకోగలడని చెప్పడానికి వచ్చారు వీళ్ళు. మెట్‌కాఫ్ ఒక్కడే బోనెక్కాడు, అదీ జ్యూరీని బయటికి పంపాక. రెండు రోజుల తర్వాత జడ్జి రాల్‌స్టన్ ఈ నిపుణుల సాక్ష్యం కేసుకు అనవసరమని తేల్చేశాడు. డేటన్‌లో జరిగిన పెద్ద నష్టం నా దృష్టిలో ఇదే. ఆ ఊరి రైతులు చర్చికి వెళ్ళే శాస్త్రవేత్త నోటి నుంచి ఒక గంట వినగలిగి ఉంటే బాగుండేది.

వాళ్ళ బదులు జనానికి దక్కింది జూలై 20 నాటి దృశ్యం. కోర్టు గది నేల బరువు మోయలేదేమోనన్న భయంతో, ఉక్కపోత తట్టుకోలేక విచారణను బయట పచ్చిక మీదకు మార్చారు. డారో బ్రయాన్‌నే సాక్షిగా పిలిచాడు. యోనాను మింగిన చేప, యెహోషువ ఆపిన సూర్యుడు, కయీను భార్య ఎక్కణ్ణుంచి వచ్చింది అంటూ రెండు గంటలు ప్రశ్నలు. సృష్టి జరిగిన ఆరు రోజులు ఇరవైనాలుగు గంటల రోజులే కానక్కర్లేదు, అవి యుగాలు కావచ్చని బ్రయాన్ ఒప్పుకున్నాడు. డారో గెలిచాడని పత్రికలు రాశాయి. నాకు ఆ ఒప్పుకోలులో వేరేది కనిపిస్తుంది. అక్షరం అక్షరం నమ్మాలన్నవాడు కూడా చదివేటప్పుడు వ్యాఖ్యానమే చేస్తున్నాడు.

మర్నాడు తీర్పు. జ్యూరీకి తొమ్మిది నిమిషాలు పట్టింది. నూరు డాలర్ల జరిమానా. ఐదు రోజులకు, ఆదివారం మధ్యాహ్నం నిద్రలో, డేటన్‌లోనే బ్రయాన్ కన్నుమూశాడు. 1927లో టెనెసీ సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టి, శిక్షను మాత్రం కొట్టేసింది. జరిమానా జ్యూరీ వేయాల్సింది, జడ్జి వేశాడన్నది కారణం. స్కోప్స్ చికాగోలో భూగర్భశాస్త్రం చదువుకుని చమురు కంపెనీల్లో పనిచేశాడు.

పుస్తకం సంగతి? 1926లో హంటర్ 'న్యూ సివిక్ బయాలజీ' వచ్చింది. అందులో పరిణామం అనే మాట తీసేశారు. ఎవరూ కోర్టుకెళ్ళలేదు. 1926లో మిసిసిపీ, 1928లో ప్రజల ఓటుతో ఆర్కన్సా అలాంటి చట్టాలే తెచ్చుకున్నాయి. మిగతా చోట్ల చట్టంతో పని లేకపోయింది. పుస్తకం దేశమంతా అమ్ముడుపోవాలి, అందరికీ సరిపడేలా దిద్దేస్తే పోయె అనుకున్నారు ప్రచురణకర్తలు. ఒకటి రెండు తరాల పిల్లలు డార్విన్ పేరు సరిగ్గా వినకుండానే బయాలజీ పరీక్షలు పాసయ్యారు. 1957లో సోవియట్లు స్పుత్నిక్ ఎగరేశాక గానీ అమెరికాకు తన సైన్స్ పుస్తకాల మీద అనుమానం రాలేదు. 1958లో మొదలైన బి.ఎస్.సి.ఎస్. అనే సంస్థ శాస్త్రవేత్తలనూ టీచర్లనూ కూర్చోబెట్టి కొత్త పుస్తకాలు రాయించింది. పరిణామం వాటికి వెన్నెముక అయింది.

1965లో లిటిల్ రాక్ బడుల్లోకి కొత్త పుస్తకం వచ్చింది, అందులో పరిణామం పాఠం ఉంది. ఆర్కన్సా చట్టం ప్రకారం అది చెప్పడం నేరం. అదే ఇరకాటం, నలభై ఏళ్ళ తర్వాత. ఈసారి నిలబడ్డది సూజన్ ఎపర్సన్ అనే బయాలజీ టీచరు. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. బట్లర్ చట్టాన్ని టెనెసీ అంతకు ముందే, 1967లో, తనంతట తాను రద్దు చేసుకుంది.

గొడవ ఆగలేదు, రూపం మార్చుకుంది. సృష్టివాదాన్ని సైన్స్ పేరుతో చెప్పకూడదని 1987లో సుప్రీంకోర్టు అన్నాక, 'ఇంటెలిజెంట్ డిజైన్' ముందుకొచ్చింది. 2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు బోర్డు పిల్లలకు 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' అనే పుస్తకం చూడమని చెప్పించాలనుకుంది. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. అక్కడ ఆ పుస్తకం పాత చిత్తుప్రతులు బయటపడ్డాయి. 1987 తీర్పుకు ముందు చిత్తులో సృష్టివాదులు అని ఉన్నచోటల్లా తర్వాతి చిత్తులో డిజైన్ సమర్థకులు అని మార్చారు. ఒకచోట హడావుడిలో పాత మాట తలా తోకా అలాగే ఉండిపోయి, కొత్త మాట మధ్యలో ఇరుక్కుపోయింది. ఆ అచ్చుతప్పు కోర్టులో అందరికీ కనిపించింది. 2005 డిసెంబరులో జడ్జి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పులో ఇది మతమే, సైన్స్ కాదన్నాడు.

మన క్లాసు రూముల్లో ఈ పోరు ఈ రూపంలో నేను చూడలేదు. మన పిల్లలు డార్విన్‌ను కాదనరు, కలిపేసుకుంటారు. ఇంటర్ సెకండియర్‌లో పరిణామం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు లేచేవారు. "సార్, మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం... మనవాళ్ళు ముందే చెప్పారు కదా సార్?" ఈ పోలిక పందొమ్మిదో శతాబ్దపుది. 1882లో కలకత్తాలో కేశవచంద్ర సేన్ ఇలాంటి మాటే చెప్పారు. వినడానికి ఇంపుగా ఉంటుంది. నేను మాత్రం పిల్లలతో ఒప్పుకునేవాణ్ణి కాదు. మత్స్యం పిల్లలు పెట్టి కూర్మం కాలేదమ్మా, ఒకే విష్ణువు ఒక్కో పని కోసం దిగివచ్చాడు. ఇక్కడ ప్రకృతి ఎంపికకు ఎవరి సంకల్పమూ లేదు. పరశురాముడు రాముడికి ఎదురుపడ్డాడు, భారతంలో కర్ణుడికి అస్త్రాలూ నేర్పాడు. ఆయన రాముడికి పూర్వీకజాతి ఎలా అవుతాడు? ఇలా అడిగితే క్లాసు ఆలోచనలో పడేది. పురాణాన్ని పాఠ్యపుస్తకం చేయాలని చూస్తే పురాణం కూడా పాడవుతుంది. యెహోషువ సూర్యుణ్ణి ఖగోళశాస్త్రం అనుకున్నవాళ్ళకు డేటన్‌లో జరిగింది అదే.

2018లో కేంద్ర మానవ వనరుల సహాయమంత్రి డార్విన్ సిద్ధాంతం తప్పు, పుస్తకాలు మార్చాలి అన్నప్పుడు మూడు జాతీయ సైన్స్ అకాడెమీలు కలిసి ఖండించాయి. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ ఛాన్సలరే దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మెరుగైనవని చెప్పారు. నాకు ఆ రోజు చాలా బాధ కలిగింది. ఆ సభలో బడిపిల్లలు ఉన్నారు.

ఆ మాటలకు దేశమంతా స్పందించింది. గట్టిగా అన్న మాటకు గట్టిగా జవాబు వస్తుంది. ఆ తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. కోవిడ్ కాలంలో పిల్లల మీద భారం తగ్గించడానికని ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠాలు కుదించింది. 2023లో కొత్త ముద్రణ వచ్చేసరికి పదో తరగతి సైన్స్‌లో 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం 'అనువంశికత'గా మిగిలింది. డార్విన్, శిలాజాలు, మానవ పరిణామం పోయాయి. పద్ధెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పరిణామం పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అన్నది దానికి వచ్చిన జవాబు. నిజమే, ఉంది. మన ఊళ్ళలో పది కాగానే ఎంతమంది ఎం.పి.సి.లో చేరతారో, ఎంతమంది సి.ఇ.సి.కి వెళ్తారో ప్రతి జూన్‌లో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి నేను. బై.పి.సి. తీసుకోని పిల్లకు జీవశాస్త్రం పదితోనే ఆఖరు.