కంపెనీ వదిలేసిన యంత్రానికి దిక్కెవరు? ఐటేనియం మీద లినక్స్ కథ

ముప్కాల్ నుంచి మాట్లాడుతున్నాను. వెనక హోరు వినిపిస్తోంది కదా, అది పిండిగిర్నీ కాదు, బోరు మోటారూ కాదు. ఒక సర్వర్. ఇవాళ్టి మాట దాని గురించే.

హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర దీన్ని చూశాను. హెచ్‌పీ ఇంటెగ్రిటీ ఆర్‌ఎక్స్ 2620. మన సూట్‌కేసు కంటే పొడవు, ఇద్దరం పట్టుకుంటే గాని లేవదు. లోపల రెండు ఐటేనియం 2 ప్రాసెసర్లు. ఒకప్పుడు లక్షలు పోసి కొన్న వస్తువు. ఆయన మాత్రం తక్కెడలో పెట్టి కిలో లెక్కన ధర చెప్పాడు. నాకు మనసొప్పలేదు, కొనేశాను.

ఊరికి తెచ్చి ఆన్ చేయగానే బాపు బయటికి వచ్చి, "గిదేందిరా, ఇంట్ల విమానం లేస్తున్నట్టున్నది" అన్నాడు. ఆ రోజు బోధన్ నుంచి మా మేనమామ కూడా వచ్చి ఉన్నాడు. ఆయన అక్కడి షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు, ఇల్లు శక్కర్ నగర్‌లోనే. కొత్త యంత్రం కనిపిస్తే చుట్టూ ఒక తిరుగు తిరిగి చూడందే ఊరుకోడు. చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అల్లుడా, చేసిన కంపెనీనే ఇప్పుడు దీన్ని చేస్తలేదంటివి. మరి పాడైతే ఎవరు చూస్తరు?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే ముప్పై ఏళ్ల చరిత్ర బయటపడింది.

1994లో హెచ్‌పీ, ఇంటెల్ కలిసి ఒక ప్రకటన చేశాయి. మన ఇళ్లలోని కంప్యూటర్ల జాతితో సంబంధం లేకుండా, పెద్ద సర్వర్ల కోసం పూర్తిగా కొత్త ప్రాసెసర్ కడతామన్నాయి. అదే ఐటేనియం. దాని వెనక ఆలోచన మన నాట్లతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు ప్రాసెసర్ పొలం గట్టున నిలబడ్డ మేస్త్రి లాంటిది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు చూసుకుని, ఎవరిని ఏ వరుసలో దించాలో అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. ఐటేనియం పద్ధతి వేరు. ముందురోజు రాత్రే కాగితం మీద వరుసలు రాసిపెట్టాలి. ఆ రాసే పని కంపైలర్ది. మూడేసి ఆదేశాలను ఒక కట్టగా కట్టి, 128 బిట్ల మూటలుగా ప్రాసెసర్‌కి అందిస్తుంది. ప్రాసెసర్ ఇక ఆలోచించనక్కర్లేదు, కాగితం చూసి నాటుకుంటూ పోవడమే.

వినడానికి బాగానే ఉంది కదా? కానీ పొద్దున ఇద్దరు కూలీలు రాకపోతే ఆ కాగితం ఏం పనికొస్తుంది? ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మెమొరీ నుంచి ఏ సమాచారం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పలేం. ఒకటి ఆలస్యమైతే దాని మీద ఆధారపడ్డ వరుసలన్నీ ఆగుతాయి. అన్ని సంగతులూ ముందే ఊహించి రాయడం కంపైలర్ల వల్ల కాలేదు.

ఇక లినక్స్ సంగతికి వద్దాం. మామూలుగా యంత్రం వచ్చాక దాని మీదికి లినక్స్ వస్తుంది. ఇక్కడ తిరగబడింది. ఐటేనియం మార్కెట్లోకి వచ్చింది 2001లో. హెచ్‌పీ పరిశోధనశాలలో డేవిడ్ మోస్‌బెర్గర్, ఆయన తోటివాళ్లు 1998లోనే పని మొదలుపెట్టారు. చేతిలో చిప్ లేదు. స్కీ అనే సిమ్యులేటర్ మీద, అంటే యంత్రంలా నటించే ప్రోగ్రామ్ మీద, లినక్స్‌ను నడిపించి చూసుకున్నారు. ట్రిలియన్ అనే ఉమ్మడి ప్రాజెక్టులో ఇంటెల్, ఐబీఎం, ఎస్‌జీఐ, రెడ్ హ్యాట్ లాంటి సంస్థలూ చేతులు కలిపాయి. 2000 ఫిబ్రవరిలో ఆ కోడ్ అంతా అందరికీ తెరిచి పెట్టారు. బిడ్డ పుట్టకముందే ఉయ్యాల కట్టడం అంటే ఇదే.

ఆ లినక్స్ ఎక్కడిదాకా పోయిందో చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. అమెరికాలో నాసా వాళ్లు 512 ఐటేనియం ప్రాసెసర్లున్న ఒక ఎస్‌జీఐ ఆల్టిక్స్ యంత్రాన్ని తెచ్చుకున్నారు. అన్ని ప్రాసెసర్ల మీదా ఒకే లినక్స్ నడిచింది. దానికి పెట్టిన పేరు "కల్పన". 2003లో కొలంబియా నౌక ప్రమాదంలో మనం పోగొట్టుకున్న మన కల్పనా చావ్లా పేరు. 2004లో అలాంటివి ఇరవై కలిపి 10,240 ప్రాసెసర్లతో "కొలంబియా" అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. ఆ ఏడాది నవంబర్ జాబితాలో అది ప్రపంచంలో రెండోది.

మరి పతనం ఎలా మొదలైంది? 2003లో ఏఎండీ తన ఆప్టెరాన్‌తో ఒక తేలికైన దారి చూపించింది. పాత జాతి ప్రాసెసర్‌నే 64 బిట్లకు పొడిగించింది. పాత ప్రోగ్రాములు అలాగే నడుస్తాయి, కొత్తవీ నడుస్తాయి. ఐటేనియం మీద మాత్రం పాతవి నత్తనడక నడిచేవి. జనం ఎటు పోతారో చెప్పాలా? తరువాత ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. 2009 చివర్లో రెడ్ హ్యాట్, తన తరువాతి వెర్షన్ ఐటేనియం మీద రాదని చెప్పింది. 2010లో మైక్రోసాఫ్ట్, 2011లో ఒరాకిల్ అదే మాట అన్నాయి. హెచ్‌పీ, ఒరాకిల్ కోర్టుకి కూడా ఎక్కాయి. చివరికి 2021 జులైతో ఇంటెల్ ఐటేనియం చిప్‌లు పంపడం ఆపేసింది.

ఇప్పుడు ముప్కాల్‌లో మా ఇంటికి తిరిగొద్దాం. ఈ యంత్రం మీద లినక్స్ ఎక్కించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు నా తెలివితక్కువతనం. ల్యాప్‌టాప్‌లకు వాడే మామూలు డెబియన్ పెన్‌డ్రైవ్ గుచ్చాను. యంత్రం పట్టించుకోలేదు. పట్టించుకోదు మరి, అది వేరే ప్రాసెసర్ భాషలో రాసింది.

రెండో రోజు, దీంతో మాట్లాడటం ఎలాగో తెలుసుకోవడానికే సరిపోయింది. నా యంత్రానికి తెర తగిలించే వీలు లేదు. సీరియల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపాలి. కలిపితే తెర మీద అర్థంకాని గీతలు. గంటసేపు కేబుల్‌ను తిట్టుకున్నాక తెలిసింది, నేను వేగం 1,15,200 పెట్టాను, దానికి కావాల్సింది 9,600. మార్చగానే చక్కగా అక్షరాలు వచ్చాయి. ముందు పలికేది అసలు సర్వర్ కాదు, దాని పక్కనే కాపలా కాసే మేనేజ్‌మెంట్ ప్రాసెసర్. లాగిన్ అయ్యి, సీ, ఓ అని రెండక్షరాలు కొడితే అది పక్కకి జరిగి అసలు సర్వర్‌ని చూపిస్తుంది. అప్పుడు ఒక మెనూ కనిపించింది. పైన ఈఎఫ్ఐ అని ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు యూఈఎఫ్ఐ అనే పేరు చూశారా? మన కంప్యూటర్లలో చాలావరకు ఇవాళ దాంతోనే మొదలవుతాయి. అది పుట్టింది ఈ ఐటేనియం కోసమే. బూట్ ఫైళ్లు ఒక చిన్న ఫ్యాట్ పార్టిషన్‌లో పెట్టే పద్ధతి కూడా అక్కడి నుంచి వచ్చిందే. చెట్టు ఎండిపోయింది గానీ దాని అంటు మన అందరి ఇళ్లలో బతుకుతోంది.

మూడో రోజు డెబియన్ 7 సీడీ రాశాను. 2013 మేలో వచ్చిన వెర్షన్. అధికారికంగా ఐటేనియంకి డెబియన్ ఇచ్చిన చివరిది అదే. సీడీ పెట్టాను, ఎలైలో అనే బూట్ లోడర్ లేచింది, ఇన్‌స్టాలర్ మొదలైంది. ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చుకునే దగ్గర ఆగిపోయింది. ఆ పాత ప్యాకేజీలు ఎప్పుడో డెబియన్ ఆర్కైవ్‌కి తరలిపోయాయి. ఆర్కైవ్ చిరునామా చేత్తో కొట్టాను. ఈసారి సంతకం గడువు తీరిందని మొండికేసింది. మళ్లీ మొదటి నుంచి బూట్ చేసి, సంతకం సరిచూడకుండా ఒప్పుకోమని ముందే చెప్పాల్సి వచ్చింది. నెట్‌కి తెరిచి పెట్టే యంత్రంలో ఈ పని ఎప్పుడూ చేయకండి. నాది ఇంట్లో ఉండే మ్యూజియం వస్తువు కాబట్టి చేశాను. సగం అయ్యాక కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ దీని ఆకలి చూసి చేతులెత్తేసింది.

నాలుగో రోజు రాత్రి రెండింటికి లాగిన్ వచ్చింది. ఏ జాతి యంత్రమని అడిగితే "ఐఏ 64" అని జవాబిచ్చింది. బాపు నిద్రలోంచి, "ఇగ బంద్ చెయ్యిరా" అని అరిచాడు. నాకు మాత్రం ఆ రెండు ముక్కలు పండగలా అనిపించాయి.

ఇప్పుడు మామ ప్రశ్న. ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్న మన దేశానికి కొత్త కాదు. 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్లిపోయింది. యంత్రాలు మాత్రం ఆఫీసుల్లో ఉండిపోయాయి. వాటి మరమ్మతుల భారం ఎత్తుకున్నది ప్రభుత్వ సంస్థ సీఎంసీ. కంపెనీ పోయినా చేతులు మిగిలాయి కాబట్టి పని ఆగలేదు. ఆ సీఎంసీయే తరువాత రైల్వే రిజర్వేషన్‌కి మొదటి కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది. దాని తరువాతి తరం కన్సర్ట్. అది మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లో, 1994లో. మనం నిజామాబాద్ స్టేషన్ కిటికీ దగ్గర తీసుకున్న రిజర్వేషన్ టికెట్ల వెనక చాలా ఏళ్లు ఉన్నది అదే. ఆ వ్యవస్థ ఓపెన్‌వీఎంఎస్ మీద కట్టింది. పేరులో ఓపెన్ ఉంది గానీ అది ఓపెన్ సోర్స్ కాదు. వాక్స్ యంత్రం ఆగిపోతే ఆల్ఫాకి, ఆల్ఫా ఆగిపోతే ఐటేనియంకి మారాల్సి వచ్చింది. యజమాని ఎటు నడిస్తే అటే నడవాలి.

లినక్స్‌లో ఆ బంధం లేదు, కోడ్ మన చేతిలోనే ఉంది. అయితే సమస్య తీరిపోయినట్టేనా? లేదండీ. లినక్స్ కెర్నెల్‌లో ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో రాసే పట్టిక ఒకటి ఉంటుంది. 2021 మొదట్లో ఐటేనియం ఎదురుగా అందులో ఒక మాట చేరింది, "అనాథ" అని. చూసుకునేవాళ్లు లేరన్నమాట. 2024 జనవరిలో వచ్చిన 6.7 వెర్షన్ నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. దాదాపు 65 వేల లైన్లు. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తాళం వేయలేదు. పరీక్షించి, తప్పులు సరిదిద్దే చేతులు తగ్గిపోయాయి, అంతే. కొందరు ఔత్సాహికులు మాత్రం ఇప్పటికీ బయట విడిగా దాన్ని బతికిస్తున్నారు. కోడ్ మూసి ఉంటే వాళ్లకి ఆ అవకాశమే ఉండేది కాదు.

ఇదంతా మామకి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "మా మిల్లుల రోలర్ల పండ్లు అరిగితే మేమే మళ్ల చేసుకునేటోళ్లం. లెక్క మాకు తెలుసు, పనిముట్లు మా దగ్గర ఉండె" అన్నాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటికి పని తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు. గేటు తాళం మాత్రం వాళ్ల చేతిలో లేదు. నా సర్వర్‌ది దీనికి సరిగ్గా వ్యతిరేకం. తాళం తీసే ఉంది, లోపలికి వచ్చేవాళ్లే లేరు.

నాకు అర్థమైంది ఇదే. యంత్రం బతకాలంటే రెండూ కావాలి. తెరిచి ఉన్న కోడ్ హక్కు ఇస్తుంది, ఆ హక్కును నిలబెట్టేది పని తెలిసిన మనుషులు. ఒకటి ఉండి రెండోది లేకపోతే చివరికి తక్కెడే గతి.

అందుకే దీన్ని అమ్మను. ఆదివారాలు ఊరి పిల్లలు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. సీరియల్ కేబుల్ పెట్టడం, వేగం సరిచూడటం నేర్పుతున్నాను. కరెంటు బిల్లు చూసి బాపు గొణుగుతున్నాడు, ఆయన్ని నేను చూసుకుంటాను. మీ దగ్గరలో ఇలా మూలన పడ్డ పాత సర్వర్ ఉంటే తూకానికి వేసేముందు ఒక్కసారి దాని పేరు చదవండి.

సరే, ఇంక ఆపుతాను, మామ చెయ్యి ఊపుతున్నాడు, ఈ హోరులో చాయ్ అయ్యిందని పిలిచినా నాకు వినపడలేదట. మళ్లీ కలుద్దాం. ఉంటాను, నమస్కారం.