నెల్లూరి సీమలో సిపాయి మాన్యములు

కత్తి పట్టిన చేతికి నాగలి నందిచ్చు నాచారము నెల్లూరి సీమకు ఇంగ్లీషు దొరలతో వచ్చినది కాదు. వెంకటగిరి నేలిన వెలుగోటివారు తమ సాయుధులైన బంట్లకు జీతమునకు మాఱుగా పొలము లిచ్చి, వానిపై స్వల్పమైన పన్ను మాత్రము గైకొనెడివారు. ఆ పన్నునకు కట్టుబడి యని పేరు. ఆ భూమి ననుభవించుచు, పిలిచిన తోడనే యాయుధముతో వచ్చి నిలువవలసిన బంటును గూడ కట్టుబడి బంట్రోతనిరి. పన్నును, మనుష్యుడును, మాటకు నిలుచుటయు నొక్క పదమున నిమిడియుండుట నాకు మిక్కిలి యర్థవంతముగా దోచును.

1802లో శాశ్వత సన్నదు నిచ్చుచు, కుంపిణీవారు సైన్యమును నిలుపు బాధ్యతను జమీందారునుండి తొలగించి, తత్ప్రతిఫలమును పేష్కషు సొమ్ములో జేర్చుకొనిరి. యుద్ధము పోయెను, పొలము మిగిలెను. కొలువు లేని మాన్యము లెవ్వరివను ప్రశ్నకు 1858లో నేర్పడిన ఇనాము కమిషను మద్రాసు రాజధానియందంతట విచారణ జరిపి, అక్కఱ తీఱిన సేవామాన్యములకు స్థిరమైన శిస్తు గట్టి, అనుభవదారులకు హక్కు నిచ్చుచు వచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అదే మద్రాసు ప్రభుత్వము వయనాటి యడవులలో మాజీ సైనికులకై వ్యవసాయపు వలసలను స్థాపించినది. మన తీరమున మాజీ సైనికునకు దారి చూపినది ప్రభుత్వపు బంజరును పంచియిచ్చు రెవెన్యూ బోర్డువారి 15వ స్టాండింగు ఆర్డరు; మాగాణి యైన రెండున్నర యెకరములు, మెట్ట యైన నైదు. చేతి కందిన కాగితము డి-ఫారము పట్టా, వారసులకు సంక్రమించునదే గాని విక్రయమునకు జెల్లనిది.

సముద్రపు టంచున నట్టి బంజరనగా నేమో చూచినవారికే తెలియును. వాననీ రిసుకలో నింకి, అడుగునున్న యుప్పునీటిపై పలుచని పొరగా నిలుచును. దానినే నమ్ముకొని తీరపు రైతు వాలుగా దొరువు త్రవ్వి, అందులోనికి దిగి కడవలతో నీరు ముంచి, మడిమడికిని మోసి వేరుసెనగను, నారుమళ్లను పెంచును. దొరువు లోతైనకొలది ఉప్పు పైకి వచ్చును గనుక ఓర్పే యిచ్చటి సేద్యపు రహస్యము. ఇట్టి నేలను పొలముగా మార్చినవాని శ్రమ రణరంగపు శ్రమకు దీసిపోదని నా దృఢవిశ్వాసము.

1977 నాటి 9వ చట్టము ఇట్లు పట్టా లిచ్చిన అసైన్డు భూముల బదలాయింపును నిషేధించెను. మాజీ సైనికులు పదేండ్ల యనుభవము పిమ్మట విక్రయించుకొనవచ్చునని 1993లో 1117వ సంఖ్య గల ఉత్తర్వు వెలువడెను. సరిగా నా యేండ్లలోనే అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతముల తీరమంతయు రొయ్యల గుంటల మయ మగుచుండెను. 1996లో సర్వోన్నత న్యాయస్థానము వానిని గూర్చి కఠినమైన తీర్పు చెప్పునాటికే పలుచోట్ల గుంటలనుండి యూరిన యుప్పు ఇరుగుపొరుగు తీపినీటిని చెఱచియుండెను. విక్రయపు హక్కు చేతికి వచ్చినను రిజిస్ట్రేషను చట్టపు 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు చేరినవాడు, తన సైనికసేవా పత్రమును, వెలిసిన పట్టాను చంకన నిడుకొని, నిరభ్యంతర పత్రమునకై కలెక్టరు కచేరీ మెట్లెక్కుచునే యున్నాడు.