పుట్టి: గాదెలోనూ ఏటిలోనూ

నెల్లూరు ధాన్యం బేరాల్లో పుట్టి అంటే 850 కిలోల వడ్లు. శాసనాల్లో అదే పుట్టి నేలకు కొలత: 848 నాటిదిగా చెప్పే అద్దంకి శాసనంలో పండరంగడు ఆదిత్య భటారుడికి ఇచ్చింది ఎనభై పుట్ల వడ్లు పట్టే నేల. కృష్ణా, తుంగభద్రల మీద వేటకెళ్లే జాలరికి పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున ఒకప్పుడు తోలూ ఇప్పుడు పట్టా తొడిగిన గుండ్రటి పడవ. వేర్వేరు మాటలు ఒకేలా పలకడం వల్ల ఒకచోట చేరాయని అనుకోవచ్చు గానీ, ఇవన్నీ ఒక్క బుట్టలోంచి వచ్చాయని నా వాదన. తెలుగు పుటిక, తమిళ పుట్టిల్, కన్నడ బుట్టి అన్నీ బుట్టలే. ఏటిలో వేసిన బుట్ట పడవైంది, గింజలు పోసిన బుట్ట కొలతైంది, ఆ గింజల లెక్కే నేలకూ ఎక్కింది.

దీనికో గట్టి అభ్యంతరం ఉంది. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు. ఎనభై కుంచాలు పట్టే బుట్టను ఎవరెత్తుతారు? ఎత్తనక్కర్లేదు. వెదురుతో అల్లి పేడతో మెత్తిన గాదె ఉన్నచోటే ఉంటుంది. కొలిచేది కుంచం, నిండేది గాదె. ఐరోపాలోనూ ద్రాక్షసారా పీపా పేరే ఓడ మోతకూ, తర్వాత బరువుకూ టన్ను అయింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, అక్కడి నది దాటించే తోలు బుట్టలు పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, నీళ్లలో గిరగిరా తిరుగుతాయనీ రాశాడు. అంతమంది బరువు దాదాపు నెల్లూరి పుట్టంత. ఇది రుజువు కాదు. అంత బుట్ట అల్లడం కుదరదన్న మాటకు జవాబు మాత్రం అవుతుంది.

జిల్లాకో పుట్టి ఉండటం కూడా నా వాదనకు అడ్డు కాదు. ఎక్కడి అల్లిక అక్కడిదైనప్పుడు కొలత ఒక్కటే ఎందుకవుతుంది? పుట్టి నేల కూడా అంతే: మాగాణిలో ఒక వైశాల్యం, మెట్టలో మరొకటి, ఎందుకంటే లెక్క గింజది, గజాలది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు సర్వే గొలుసు, దాని వెంట ఎకరం వచ్చి ఈ నేల లెక్కను కాగితాల్లోంచి తప్పించాయి. 1956 చట్టం కిలోలను తెచ్చినా ధాన్యపు పుట్టి చావలేదు, కిలోల్లోకి మారి బతికింది. తగాదా కూడా బతికింది: తేమ పేరుతో, తరుగు పేరుతో పుట్టికి ఎన్ని కిలోలు అదనంగా తూచాలన్నది కోతలప్పుడల్లా రైతుకూ మిల్లరుకూ మధ్య పేచీయే.