డార్విన్ ఇంట్లో ఆడపిల్లల బడి

లండన్ ఆగ్నేయపు అంచున, ఒకప్పటి కెంట్ పల్లెసీమలోని డౌన్ అనే ఊళ్లో చార్లెస్ డార్విన్ ఇల్లుంది. ఇప్పుడది మ్యూజియం. 1882లో ఆయన పోవడం, 1929లో మ్యూజియం తెరవడం అందరూ చెబుతారు. మధ్యలో అది ఆడపిల్లల బడి. ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని కనుక నాకు ఆ ఇంటి కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

1842లో డార్విన్ కొన్నప్పుడు అదో సాదా పాత ఇల్లు. పిల్లలు పుట్టేకొద్దీ గదులు పెంచుకుంటూ పోయాడు. పదిమందిలో ఏడుగురు పెద్దవాళ్లయ్యారు. మేడమెట్ల మీద జారడానికి వాళ్లకో చెక్కబల్ల ఉండేది. తండ్రి రాతప్రతి కాగితాల వెనక బొమ్మలు గీసేవాళ్లు. 'జాతుల పుట్టుక' రాతప్రతిలో మిగిలిన కొద్ది కాగితాల్లో అలాంటివీ ఉన్నాయి.

అంత గారాబం చేసిన ఇంట్లోనూ చదువు దగ్గరికొచ్చేసరికి తేడా వచ్చింది. కొడుకులు బయటి బళ్లకు వెళ్లారు. జార్జ్, ఫ్రాన్సిస్, హొరేస్ కేంబ్రిడ్జ్‌లో చదివి రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. కూతురు హెన్రియెట్టాకు గవర్నెస్‌లు ఇంట్లోనే పాఠాలు చెప్పారు. తండ్రి మనిషి పుట్టుక మీద పెద్ద పుస్తకం రాస్తే ప్రూఫులు చూసి, వాక్యాలు సరిదిద్దింది ఆమే. 1871లో అచ్చయిన ఆ పుస్తకంలోనే మగవాళ్ల బుద్ధిబలం ఆడవాళ్లకన్నా ఎక్కువని ఆయన రాశాడు. డార్విన్ అంటే నాకెంతో గౌరవం. అయినా ఆ పుట తిప్పినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. దిద్దిన కూతురు ఎదురుగానే ఉంది కదా!

1896లో భార్య ఎమ్మా పోయాక ఇల్లు అద్దెకు వెళ్లింది. 1907లో ఆలివ్ విల్లిస్ అక్కడ బడి పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్లకు డిగ్రీ ఇవ్వని రోజుల్లో అక్కడ చదువుకున్న మనిషి ఆమె. మొదటి ప్రపంచయుద్ధం నాటి విద్యార్థినుల్లో, తర్వాత పేరుపొందిన నవలాకారిణి ఎలిజబెత్ బొవెన్ ఒకరు. ఆ బడి గురించి రాసిన వ్యాసానికి ఆమె పెరటి మల్బరీ చెట్టు పేరే పెట్టింది.

పిల్లలు పెరిగి చోటు చాలక, 1920ల మొదట్లో బడి బెర్క్‌షైర్‌కు తరలింది. ఊరి పేరు మాత్రం వెంట తీసుకెళ్లింది. 'డౌన్ హౌస్' పేరుతోనే ఈనాటికీ నడుస్తోంది. పాత ఇంట్లో 1927 వరకు మరో ఆడపిల్లల బడి సాగింది. ఆ తర్వాత జార్జ్ బక్‌స్టన్ బ్రౌన్ అనే సర్జన్ ఇల్లు కొని బ్రిటిష్ అసోసియేషన్ అనే విజ్ఞాన సంస్థకు అప్పగించాడు.

డార్విన్ చదువుగది చూపించేవాళ్లు హెన్రియెట్టా దిద్దిన ప్రూఫుల సంగతీ, ఆ తర్వాత ఇదే ఇంట్లో చదువుకున్న ఆడపిల్లల సంగతీ ఒకే ఊపిరిలో చెప్పాలని నా కోరిక.