కుజుడి మీద కాలువలు: ఒక ఉత్పాద్య చరిత్ర

మన ఆలంకారికులు ఇతివృత్తాన్ని మూడు రకాలుగా విభజించారు. పురాణేతిహాసాల నుంచి గ్రహించినది ప్రఖ్యాతం. కవి తన బుద్ధితో కల్పించుకున్నది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. పదవ శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో చెప్పిన ఈ విభాగం తరవాతి కాలంలో తెలుగు కావ్యచర్చలోకీ వచ్చింది. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయాన్ని ఉత్పాద్యానికి మేటి ఉదాహరణగా ఇప్పటికీ చెప్పుకుంటాం. ఈ విభజనలో ఒక నీతి కూడా ఇమిడి ఉందని నాకనిపిస్తుంది. కల్పించడం దోషం కాదు; కల్పించినదాన్ని ఏ అరలో పెడుతున్నామో మరిచిపోవడమే దోషం.

ఆధునిక కాలంలో ఉత్పాద్యానికి దొరికిన విశాలమైన క్షేత్రాలలో విజ్ఞానకల్పన ఒకటి. ఆ సాహిత్యంలో పదేపదే కనిపించే వస్తువు, ఒకప్పుడు గ్రహాంతరాలకు ప్రయాణించి ఆపైన నశించిపోయిన నాగరికత. శిథిల నగరాలు, ఎండిపోయిన సముద్రాలు, ఎవరు కట్టారో తెలియని యంత్రాలు. ఇలాంటి లేని జాతికి రచయితలు చరిత్రను ఎలా కల్పిస్తారు? ఆ కల్పనకు ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి కుజగ్రహం కంటే మంచి ఉదాహరణ లేదు. 1877 నుంచి 1965 వరకు, అంటే 88 ఏళ్ళ పాటు, ఆ గ్రహానికి ఒక నాగరికత ఉండేది. దానికి ఒక చరిత్ర ఉండేది. ఆ చరిత్రను శాస్త్రజ్ఞుడూ రాశాడు, నవలాకారుడూ రాశాడు. ఇద్దరి రాతల గతీ వేరువేరుగా ముగిసింది.

1877లో కుజుడు భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు, మిలాన్ నగరంలోని బ్రెరా వేధశాల నుంచి జొవాన్ని స్కియాపరెల్లి ఆ గ్రహానికి పటం గీశాడు. అందులో అతను కొన్ని గీతలను గుర్తించి, వాటిని ఇటాలియన్ భాషలో కనాలీ అన్నాడు. ఆ మాటకు సహజంగా ఏర్పడిన నీటిపాయ అన్న అర్థమూ ఉంది, మనుషులు తవ్విన కాలువ అన్న అర్థమూ ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది కెనాల్ అయింది, రెండవ అర్థం ఒక్కటే మిగిలింది. సూయెజ్ కాలువ తెరిచి అప్పటికి ఎనిమిదేళ్ళే. కాలువ అంటే నాగరికతకు చిహ్నమని ప్రపంచం భావిస్తున్న రోజులవి. కాలువ ఉంటే తవ్వినవాడు ఉండాలి కదా!

ఆ తవ్వినవాడికి చరిత్ర రాసినవాడు పెర్సివల్ లోవెల్. 1855లో బోస్టన్‌లోని ఒక సంపన్న కుటుంబంలో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, కొంతకాలం జపాన్, కొరియాలలో తిరిగి, ఆ దేశాల మీద పుస్తకాలు రాశాడు. 1894లో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర సొంత ఖర్చుతో వేధశాల కట్టించుకుని కుజుడి మీద దృష్టి పెట్టాడు. 1895, 1906, 1908 సంవత్సరాలలో వెలువడిన అతని మూడు పుస్తకాలలో ఆ గ్రహచరిత్ర అంచెలంచెలుగా విస్తరించింది.

ఆ చరిత్ర నిర్మాణంలో బిగువు ఉంది. కుజుడు భూమి కంటే చిన్నవాడు. చిన్న గ్రహం త్వరగా చల్లారుతుంది, త్వరగా ముసలిదవుతుంది. సముద్రాలు ఇంకిపోయాయి. మిగిలిన నీరంతా ధ్రువాల దగ్గర మంచుగా ఉంది. అక్కడి జీవులు బతకాలంటే వసంతంలో కరిగే ఆ నీటిని మధ్యరేఖ దాకా తెచ్చుకోవాలి. గ్రహమంతా వ్యాపించిన కాలువలు తవ్వాలంటే గ్రహమంతా ఒక్క మాట మీద నిలవాలి. కాబట్టి అక్కడ యుద్ధాలు ఉండవు, ఆ జాతి మనకంటే వివేకం గలది. అయినా నీరు నానాటికీ తరిగిపోతూనే ఉంది కనుక దానికి అంతం తప్పదు. మనకు కనిపించేవి కూడా కాలువలు కావు, వాటికి ఇరువైపులా పెరిగిన పచ్చదనం అని సర్దుబాటు.

వైద్యుడిగా చదివితే ఇది ఒక కేస్ హిస్టరీలా ఉంటుంది. ఒకే ఒక మూలకారణం, దాని నుంచి వరుసగా లక్షణాలు, చివరకు అనివార్యమైన పరిణామం. నీటి కొరత అన్న ఒక్క రోగంతో ఒక నాగరికత రాజకీయాలనూ ఇంజనీరింగునూ విషాదాన్నీ వివరించాడు లోవెల్. కల్పిత చరిత్రకు కావలసిన మొదటి గుణం ఇదే. పది కారణాలు చెప్పేవాణ్ణి నమ్మడం కష్టం. ఒక్క కారణం చెప్పి, దాని ఫలితాలన్నీ ఓపికగా లెక్కగట్టేవాణ్ణి నమ్మబుద్ధవుతుంది. చిక్కల్లా ఒక్కటే: లోవెల్ తాను కల్పన చేస్తున్నానని అనుకోలేదు.

అదే ముడిసరుకును కల్పన అని తెలిసి వాడుకున్నవాడు హెచ్.జి. వెల్స్. 1897లో పత్రికలో ధారావాహికగా, 1898లో పుస్తకంగా వచ్చిన ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ నవలలో, ఎండిపోతున్న గ్రహం నుంచి కుజవాసులు భూమి మీదికి దండెత్తి వస్తారు. వెల్స్ జీవశాస్త్రాన్ని టి.హెచ్. హక్స్‌లీ దగ్గర చదువుకున్నవాడు. కుజవాసుల క్రూరత్వానికి నమూనా కోసం అతను ఆకాశంకేసి చూడలేదు. టాస్మేనియా ఆదివాసులను ఐరోపా వలసదారులు దాదాపు తుడిచిపెట్టిన వైనాన్ని నవల మొదటి అధ్యాయంలోనే గుర్తు చేశాడు. ఆ దండయాత్రను చివరికి ఓడించినవి ఫిరంగులు కావు, సూక్ష్మజీవులు. మన శరీరాలు తరతరాలుగా అలవాటుపడిన క్రిములకు కుజవాసుల దగ్గర రక్షణ లేదు.

1950లో రే బ్రాడ్‌బరీ ది మార్షియన్ క్రానికల్స్‌లో ఇదే కథను తిరగేశాడు. అక్కడ మనుషులే కుజుడి మీదికి వెళతారు. మనుషులు మోసుకెళ్ళిన ఆటలమ్మతో కుజవాసులు చచ్చిపోతారు. మన ఇళ్ళలో వేపాకులు పరిచి, పదిరోజులు పడుకోబెట్టి తగ్గించుకునే జబ్బు ఒక ప్రాచీన జాతిని అంతం చేస్తుంది. ఇది అతిశయోక్తి కాదు. కొలంబస్ తరవాత అమెరికా ఖండాలలోని మూలవాసులను మశూచి, తట్టు ఎలా ఊడ్చేశాయో తెలిసిన పాఠకుడికి ఆ శవాలు ఎవరివో అర్థమవుతాయి. ఐసక్ అసిమోవ్ 1942లో ఫౌండేషన్ కథలు మొదలుపెట్టినప్పుడు, పాలపుంతంతా వ్యాపించిన సామ్రాజ్యం కూలిపోవడానికి నమూనా గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర నుంచి తీసుకున్నాడు. ఇది రెండవ గుణం. నక్షత్రాల మధ్య నశించిన జాతి చరిత్ర నిజానికి భూమి మీద నశించిన జాతుల చరిత్రే.

మూడవ గుణం, చెప్పకుండా వదిలేయడం. 1973లో వచ్చిన ఆర్థర్ క్లార్క్ నవల రాండెవూ విత్ రామాలో, 50 కిలోమీటర్ల పొడవున్న ఒక స్తంభాకారపు నౌక సౌరమండలంలోకి వస్తుంది. మనుషులు లోపలికి వెళ్ళి మెట్లు, సముద్రం, నగరాల వంటి కట్టడాలు చూస్తారు. కట్టినవారెవరో చివరిదాకా తెలియదు. నౌక తన దారిన తాను పోతుంది. చరిత్రకారుడి అనుభవమూ సరిగ్గా ఇదే. సింధు నాగరికత ముద్రల మీది లిపిని సర్వసమ్మతంగా చదివినవారు ఇప్పటికీ లేరు. ఇటుకలు, మురుగుకాలువలు, తూనికరాళ్ళు మాట్లాడతాయి, రాజుల పేర్లు మాత్రం పలకవు. అన్ని ఖాళీలూ పూరించిన చరిత్ర ఏదైనా కనిపిస్తే, అది కల్పన అయినా అయి ఉండాలి, మోసమైనా అయి ఉండాలి.

ఇక లోవెల్ చరిత్రకు ఏమైందో చూద్దాం. 1903లో గ్రీనిచ్ వేధశాలకు చెందిన మౌండర్ ఒక చక్కటి ప్రయోగం చేశాడు. గీతలు లేని, చుక్కలూ మరకలూ మాత్రమే ఉన్న కుజుడి బొమ్మను బడిపిల్లల ముందు వేర్వేరు దూరాలలో ఉంచి, కనిపించినది గీయమన్నాడు. కొంత దూరంలో కూర్చున్న పిల్లలలో పలువురు గీతలు గీశారు. చూపు అంచున ఉన్న చుక్కలను మెదడు కలిపి గీతగా చేసుకుంటుంది. 1907లో, డార్విన్‌తో పాటు ప్రకృతివరణాన్ని కనుగొన్న ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్, 84 ఏళ్ళ వయసులో ఒక చిన్న పుస్తకం రాసి, కుజుడి మీద నీరు ద్రవంగా నిలవలేనంత చలి ఉంటుందనీ, ఎడారి మీదుగా తెరిచి ఉన్న కాలువలు నీటిని గమ్యం చేర్చలేవనీ వాదించాడు. 1909లో పారిస్ దగ్గరి మ్యూడాన్‌లో 83 సెంటీమీటర్ల దూరదర్శినితో చూసిన ఆంటోనియాడికి గీతల స్థానంలో క్రమంలేని మరకలు కనిపించాయి.

లోవెల్ విషయంలో కంటివైద్యులకు ఆసక్తి కలిగించే ఇంకో సంగతి ఉంది. శుక్రగ్రహం మీద కూడా అతను బండిచక్రపు ఆకుల లాంటి గీతలు చూశాడు. శుక్రుణ్ణి దట్టమైన మేఘాలు కప్పి ఉంటాయి కనుక అక్కడ అలాంటివి కనిపించే అవకాశం లేదు. ప్రకాశం తగ్గించడానికి అతను దూరదర్శిని ద్వారాన్ని బాగా కుదించేవాడు. అంత సన్నని కాంతిపుంజం కంట్లోకి వస్తే, రెటీనా మీది రక్తనాళాల నీడలు చూసేవాడికే కనిపిస్తాయి. అతను చూసినది తన కంటి లోపలి నాళాల జాలాన్నే కావచ్చునన్నది తరవాతివారి వివరణ. ఆఫ్తాల్మోస్కోప్‌తో రోజూ ఇతరుల కళ్ళలో మేము చూసే దృశ్యం అతను ఆకాశంలో చూశాడన్నమాట.

1965 జులైలో మెరైనర్ 4 నౌక కుజుడి పక్కనుంచి వెళుతూ ఇరవైకి పైగా ఫోటోలు పంపింది. కాలువలు లేవు. చంద్రుడి మీద ఉన్నట్టు ఉల్కాపాతాల గుంతలు ఉన్నాయి. ఆ రోజుతో లోవెల్ పుస్తకాల కథ ముగిసింది. కాని బ్రాడ్‌బరీ పుస్తకానికి ఆ ఫోటోలు ఏ హానీ చేయలేదు. దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. తాను ఉత్పాద్యమని మొదటే చెప్పుకున్నదాన్ని ఏ సాక్ష్యమూ పడగొట్టలేదు. తాను ప్రఖ్యాతమని చెప్పుకున్నది మాత్రం సాక్ష్యానికి తలవంచాలి. లోవెల్ పక్షాన ఒక్క మాట చెప్పాలి. తన వాదాన్ని అతను పరీక్షకు నిలిచే రూపంలో చెప్పాడు. అందుకే అది పరీక్షలో ఓడిపోగలిగింది.

ఓడిపోవడానికి ఒప్పుకోని కల్పన ఇంకొక రకం. దానికి మన దగ్గరి ఉదాహరణ వైమానిక శాస్త్రం. భరద్వాజ మహర్షి కృతిగా చెప్పే ఆ సంస్కృత గ్రంథాన్ని 1918-1923 మధ్య పండిత సుబ్బరాయశాస్త్రి అనే ఆయన తనకు స్ఫురించినట్టుగా చెప్పగా మరొకరు రాసుకున్నారు. 1973లో అది ఇంగ్లీషు అనువాదంతో అచ్చయింది. 1974లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు పరిశోధకులు దాన్ని శ్రద్ధగా పరీక్షించారు. అది 1904కు ముందరిది కాదనీ, అందులో వర్ణించిన విమానాలలో ఏదీ ఎగరలేదనీ తేల్చారు. శాస్త్రిగారి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. దాన్నే పద్యకావ్యమని ప్రకటించి ఉంటే ఈనాడు మన విజ్ఞానకల్పనకు ఆద్యగ్రంథాలలో ఒకటిగా చదువుకునేవాళ్ళం. తీర్పు వచ్చిన 40 ఏళ్ళ తరవాత, 2015 జనవరిలో, ముంబైలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద ప్రాచీన విమానాల గురించి మళ్ళీ పత్రం చదివారు. పశ్చిమ దేశాలూ ఇందుకు అతీతం కాదు. 1968లో ఎరిక్ ఫన్ డేనికెన్ పిరమిడ్లను, నాస్కా గీతలను గ్రహాంతరవాసుల ఖాతాలో వేసి లక్షల ప్రతులు అమ్ముకున్నాడు. ఆ లెక్కన ఈజిప్టు, పెరూ దేశాల కూలీలూ శిల్పులూ ఏమీ చేయనట్టే.

ఇలాంటి ఊహను నిజాయితీగా ఎలా చేయవచ్చో 2018లో గావిన్ ష్మిట్, ఆడమ్ ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. మనుషులకు కోట్ల సంవత్సరాల ముందు భూమి మీద మరో పారిశ్రామిక నాగరికత ఉండి నశించి ఉంటే, శిలాస్తరాలలో దాని జాడ మనకు తెలుస్తుందా అని వారు ప్రశ్నించారు. నగరాలు మిగలవు, కార్బన్ ఐసోటోపుల నిష్పత్తిలో మార్పు వంటివి మిగలవచ్చు. డాక్టర్ హూ అనే టెలివిజన్ ధారావాహికలోని జాతి పేరు మీద దీనికి సైలూరియన్ పరికల్పన అని పేరు పెట్టారు. అలాంటి నాగరికత ఉండేదని తాము నమ్మడం లేదని కూడా స్పష్టంగా చెప్పారు. కల్పన నుంచి ప్రశ్నను తీసుకున్నారు, సమాధానాన్ని మాత్రం రాళ్ళనే అడిగారు.

ఈ భేదం దేశాంతరంలో ఉన్న మనకు మరీ ముఖ్యం. ఇక్కడ పెరిగే పిల్లలకు మన పూర్వుల గురించి తెలిసేది ఎక్కువగా మన నోటి నుంచే. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతి ఉంది. ఆ విద్య పరంపరగా నిలిచి, పుణె ప్రాంతంలో జరిగిన అటువంటి శస్త్రచికిత్స వర్ణన 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మేగజైన్‌లో అచ్చయింది. దాన్ని ఆధారం చేసుకుని జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో ముక్కు కట్టాడు. పాఠం, చికిత్స, అచ్చుపత్రం, అనుకరణ అన్నీ చూపించగల చరిత్ర ఇది. దీని పక్కనే అదే గొంతుతో భరద్వాజుడి విమానాన్ని కూడా నిలబెడితే, పదహారేళ్ళ పిల్ల ఒక్క సాయంత్రం వెతికి ఆ విమానాన్ని కూల్చేస్తుంది. దానితో పాటు సుశ్రుతుడినీ అనుమానిస్తుంది. ఆ తప్పు ఆ పిల్లది కాదు.

విమానాల కథలు పిల్లలకు చెప్పవద్దని నా ఉద్దేశం కాదు. పుష్పకాన్నీ చెప్పాలి, బ్రాడ్‌బరీ కుజుణ్ణీ చెప్పాలి. ఇది ఉత్పాద్యం, ఇది ప్రఖ్యాతం, ఇది రుజువైన చరిత్ర అని ఏ అరలోని వస్తువును ఆ అరలోంచే తీసి చూపిస్తే చాలు.