గలిలయ పడవ, అరారాతు కొయ్య: పాత కలప కాలనిర్ణయంపై ఒక పరిశీలన

బైబిలు కాలపు వస్తువేదైనా బయటపడిందన్న వార్త రాగానే అది ప్రసంగాల్లోకి చేరుతుంది. ఆ వస్తువు వయస్సును ఎలా నిర్ణయించారో, ఆ నిర్ణయం ఎంతవరకు చెప్పగలదో మాత్రం అరుదుగా వినిపిస్తుంది. రెండు కొయ్యల చరిత్ర ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

చెట్టు గాలి నుండి కర్బనాన్ని గ్రహించి ఏటేటా కాండంలో ఒక కొత్త వలయాన్ని ఏర్పరచుకుంటుంది. ఆ కర్బనంలో రేడియోధార్మిక గుణంగల కర్బనం-14 అతి స్వల్పంగా ఉంటుంది. వలయం ఏర్పడిన తరువాత అందులోని కర్బనం-14 క్షీణిస్తూ, సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలిన భాగాన్ని కొలిస్తే వయస్సు తెలుస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో విల్లార్డ్ లిబ్బీ, జేమ్స్ ఆర్నాల్డ్ 1949లో ఈ పద్ధతిని పరీక్షించారు. ఐగుప్తు రాజులైన జోసెర్, స్నెఫెరుల సమాధుల కొయ్య వారి నమూనాల్లో ఉంది. వాటి కాలం చరిత్రకారులకు ముందే తెలుసు గనుక కొలత సరియైనదో కాదో పోల్చి చూడగలిగారు. ఈ కృషికి లిబ్బీకి 1960లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అయితే గాలిలో కర్బనం-14 పరిమాణం అన్ని కాలాల్లోను ఒకే విధంగా ఉందా? ఈ ప్రశ్నకు వృక్ష వలయాలే జవాబిచ్చాయి. వర్షం బాగా కురిసిన ఏట వలయం వెడల్పుగాను, కరవు ఏట సన్నగాను ఏర్పడుతుంది. ఈ వరుసను బ్రతికి ఉన్న చెట్టు నుండి పాత దూలానికి, దాని నుండి మరింత పాత దూలానికి జతపరచుకుంటూ వెనుకకు లెక్కించవచ్చు. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎ.ఇ. డగ్లస్ 1929లో ఈ విధంగానే అమెరికా నైరుతి ప్రాంతపు పురాతన నివాసాలకు సంవత్సరాలు నిర్ణయించాడు. కాలిఫోర్నియా కొండల్లోని బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు ఈ లెక్కను వేల ఏళ్ల వెనుకకు తీసుకుపోయాయి. వాటిలో 4,800 ఏళ్లు దాటిన ఒక చెట్టుకు మెతూషెల పేరే పెట్టారు. సంవత్సరం తెలిసిన ఈ వలయాల్లో కర్బనం-14ను కొలిచినప్పుడు, చాలా పాత కొయ్యకు వచ్చే తేదీలు కొన్ని వందల ఏళ్లు తక్కువగా ఉన్నట్లు తేలింది. ఆనాటి నుండి కొలతను వలయాల లెక్కతో సవరించడం నియమమైంది. ఈ సవరణ పట్టిక 2020లో ప్రచురితమైన రూపంలో 55,000 ఏళ్ల వరకు విస్తరించింది.

ఇక పడవ సంగతి. 1986 జనవరిలో కరవు వలన గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు గినొసారు వద్ద ఇద్దరు సోదరులు బురదలో ఒక పడవను కనుగొన్నారు. షెల్లీ వాక్స్‌మన్ నాయకత్వంలో దానిని త్రవ్వి తీశారు. పొడవు 8 మీటర్లకు పైగా, వెడల్పు 2.3 మీటర్లు. పలకలు ఎక్కువగా దేవదారువి, లోపలి ఆనుకర్రలు ఎక్కువగా సింధూరానివి. మొత్తం 12 రకాల కలప అందులో ఉంది. రేడియో కార్బన్ కొలత క్రీ.పూ. 40కి అటూ ఇటూ 80 ఏళ్లని, అనగా క్రీ.పూ. 120 నుండి క్రీ.శ. 40 వరకు అని తేల్చింది. పడవ దగ్గర దొరికిన మట్టిపాత్రలు, దీపం కూడా ఇంచుమించు ఆ కాలాన్నే సూచించాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, కొలత చెప్పేది వలయం పెరిగిన కాలాన్నే గాని, పడవ కట్టిన దినాన్ని కాదు. ఈ పడవలో పాత పడవల నుండి తీసిన కలప కూడా ఉంది గనుక ఈ భేదం ముఖ్యమైనది. రెండవది, 160 ఏళ్ల వ్యవధి ఒక తరాన్ని కూడా వేరుచేయలేదు, ఒక వ్యక్తిని అసలే చూపలేదు. యేసు పరిచర్య కాలపు జాలరులు ఎలాంటి పడవలు వాడారో ఇది చూపుతుంది. కాని ప్రజల్లో వ్యాపించిన “యేసు పడవ” అనే పేరుకు ఈ కొలతలో ఆధారం లేదు.

రెండవ కొయ్య చరిత్ర మరింత హెచ్చరిక. ఫ్రెంచి యాత్రికుడు ఫెర్నాండ్ నవారా 1955లో అరారాతు పర్వతం మీద నుండి చెక్కిన కొయ్య ముక్కను తెచ్చి నోవహు ఓడదని ప్రకటించాడు. రంగు, సాంద్రత మొదలైన లక్షణాలను బట్టి దానికి సుమారు 5,000 ఏళ్లని మొదట అంచనా వేశారు. తరువాత వేర్వేరు ప్రయోగశాలల్లో చేసిన రేడియో కార్బన్ పరీక్షలు అది క్రీస్తు శకానికి చెందినదని తేల్చాయి. అయినా మొదటి అంచనా పుస్తకాల్లో, ప్రసంగాల్లో చాలాకాలం నిలిచిపోయింది.

ఒకే పద్ధతి మొదటి కొయ్యను సువార్తల కాలానికి దగ్గర చేసింది, రెండవదానిని నోవహు కాలానికి దూరం చేసింది. మనకు అనుకూలమైన ఫలితాన్ని ఉదహరించి ప్రతికూలమైన దానిని విడిచిపెట్టడం న్యాయం కాదు. కాబట్టి ప్రసంగంలో ఇటువంటి ఆధారాన్ని చెప్పదలచిన సేవకుడు కొలిచినదేమిటి, హెచ్చుతగ్గుల హద్దు ఎంత, సవరణ జరిగిందా అని ముందుగా విచారించాలి. “ఈ పడవ ఆ కాలపుది” అనడం సత్యం. “ఇది ఆయన ఎక్కిన పడవ” అనడం సాక్ష్యానికి మించిన మాట. సంఘం బోధకుని మాటను నమ్ముతుంది గనుక ఆ హద్దును కాపాడవలసిన బాధ్యత బోధకునిదే.