సంగీతపు డిస్కుల ప్రతిలేఖనము: ప్రతికిఁ బ్రతి

గ్రంథపరిష్కరణమున నాఱితేఱిన పండితులకుఁ బ్రతి యనఁగా మాతృకకంటె నొకింత తక్కువదియే. లేఖకుఁడు నిద్రమత్తులో నొక పాదమును విడుచును. వేఱొకఁడు తనకుఁ దెలియని పదమును దెలిసినదానిగా దిద్దును. ఈ తప్పులే ప్రతుల వంశవృక్షమును గీయుటకు మన కాధారములు. ఏ రెండు ప్రతులయందు నొకే విలక్షణమైన తప్పున్నదో, యా రెంటికి నొకే తల్లి యని యూహింతుము. అట్లుగాక వందవ ప్రతియు మొదటి మాతృకయు నక్షరాక్షరము సమానములైనచో నేది ముందు, ఏది వెనుక యని చెప్పుట యెట్లు? ఈ ప్రశ్న తాటాకుల విషయమునఁ గాక, గృహస్థుల యిండ్లలో సంగీతమును డిస్కునుండి డిస్కునకు దింపుకొను యంత్రముల విషయమున నిరువదవ శతాబ్దము చివరి రెండు దశకములలోఁ బుట్టినది. దానికి సమాధానముగా సంగీతమునకు వెలుపల నొక గుఱుతును జేర్చిరి. ఆ గుఱుతు చరిత్రమే యీ వ్యాసమునకు విషయము.

పూర్వపు టేపుల కీ చిక్కు లేదు. ఫిలిప్స్ సంస్థవారు 1963లో వెలువరించిన క్యాసెట్టుమీఁద నొక పాటను దింపుకొని, దానినుండి వేఱొకదానిపైకి, దానినుండి యింకొకదానిపైకి దింపుచుఁ బోయినచో బుసబుసమను రొద తరతరమునకుఁ బెరుగును. కంఠమందలి సన్నని మెఱుఁగు తగ్గును. నాలుగవ తరము ప్రతిని వినువాఁడు దాని వయస్సును జెవితోనే కనిపెట్టఁగలఁడు. ఈ క్షీణతయే సంగీతవర్తకులకుఁ గొంత రక్షగా నుండెను. అది చాలదని పశ్చిమజర్మనీదేశము 1965లోనే రికార్డింగు యంత్రములమీఁద రచయితలకుఁ జెందునట్లు రుసుము విధించెను.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలసి రూపొందించిన కాంపాక్టు డిస్కు 1982లో జపానునందు అమ్మకమునకు వచ్చినది. దానిలో నాదము లేదు, అంకెలే యున్నవి. శబ్దతరంగము నెత్తును సెకనునకు 44,100 సారులు కొలిచి, యొక్కొక్క కొలతను సున్నలు ఒకట్లు కలిసిన 16 అంకెలతో వ్రాయుదురు. కుడియెడమల రెంటికిఁ గలిపి సెకనునకు 14,11,200 అంకెలగును. అంకె నెత్తి వ్రాసికొనుటలో మెఱుఁగు తగ్గుట యుండదు. ఎనిమిది యను సంఖ్యను ఎవరు వ్రాసినను, ఎన్నవసారి వ్రాసినను ఎనిమిదియే.

అంతియకాదు. తప్పు దొరలినను దిద్దుకొను నేర్పును ఆ వ్రాఁతకే నేర్పిరి. ఎనిమిదంకెల గుంపును బైటందురు. 24 బైట్ల సంగీతమునకు 8 బైట్ల రక్షణాంకములను జేర్చి 32 బైట్లుగా వ్రాయుదురు. ప్రక్కప్రక్క నుండవలసినవానిని దూరదూరముగాఁ జల్లుదురు. రీడ్, సాల్మన్ అను నిద్దఱు గణితజ్ఞులు 1960లోఁ బ్రకటించిన సిద్ధాంతము దీనికి మూలము. డిస్కుపైని వరుసగా రెండున్నర మిల్లీమీటర్ల మేర గీఁత పడి చెడినను, చెదరగొట్టి వ్రాసినందునను రక్షణాంకముల బలమునను పోయిన సంఖ్యలు యథాతథముగా మరల లభించును. దీనిని జదివినప్పుడు మన వైదికుల క్రమ జటా ఘన పాఠములు తలఁపునకు రాక మానవు. పదమును ముందు వెనుకలతోఁ గలిపి మరల మరల వల్లించుటచే నొకచోట జాఱినది మఱియొకచోటఁ బట్టుపడును. ఎక్కువగా వ్రాయుట వృథా కాదని రెండుచోట్లను దెలిసికొనిరి. ఇది వేదములోనే యున్నదని చెప్పు నలవాటు నాకు లేదు. పని యొకటియే కాఁబట్టి యుపాయములు పోలినవి.

గీఁత యంతకంటెఁ బెద్దదైనచో యంత్రము మఱియొకటి చేయును. పోయిన కొలతకు ముందున్నదానిని, వెనుకనున్నదానిని జూచి నడుమ నేది యుండవచ్చునో యూహించి పూరించును. గ్రంథపాతమున్నచోటఁ బరిష్కర్త యూహాపాఠమును జేర్చినట్లే యిది. అయితే మనము దానిని గుండలీకరించి చూపుదుము. ఇచ్చట నా మర్యాద నిలువదు. ఇంటి రికార్డరు మొదటి డిస్కు గుంటలను జూడదు. వాద్యయంత్రము చదివి, దిద్ది, పూరించి, తీఁగవెంటఁ బంపిన సంఖ్యలను మాత్రము గ్రహించి, వానికిఁ గ్రొత్త రక్షణాంకములు కట్టి వ్రాయును. ఊహాపాఠము క్రొత్త డిస్కులో మూలపాఠమై కూర్చుండును. కావున డిజిటల్ ప్రతి సర్వదా మాతృకతో సమానమను లోకవాదము సగము నిజము: మాతృక శుభ్రమైనప్పుడే యది నిజము.

వర్తకుల భయము మాత్ర మా మిగిలిన సగముపై నిలిచినది. 1987లో సోనీవారు డాట్ అను డిజిటల్ టేపు యంత్రమును జపానులో విడుదలచేసిరి. అమెరికా రికార్డింగు సంస్థలు దానిని దేశములోనికి రానీయమని పట్టుపట్టెను. తొలి గృహయంత్రములు డిస్కులకుఁ జెందిన 44,100 కొలతల లెక్కను తీఁగద్వారా గ్రహింపకుండునట్లు నిర్మింపఁబడుట యొక విధమగు రాజీ. సీ.బీ.ఎస్. సంస్థ మఱింత సాహసించి సంగీతముననే గంటు పెట్టుదమనెను. సెకనునకు 3,840 కంపనముల చుట్టుపట్లనున్న సన్నని పట్టీని పాటనుండి తొలఁగింతురఁట. ఆ లోటును గనిపెట్టిన రికార్డరు తనంతఁ దానే యాగునఁట. ఆ స్థానము పియానో చివరి స్థాయిలో రెండు మెట్ల నడుమఁ బడును. పాటను రక్షించుటకుఁ బాటను గోయుట! అమెరికా ప్రమాణసంస్థ పరీక్షించి, యీ పద్ధతి నమ్మఁదగినట్లు పనిచేయదనియు, నాదమును జెఱచుననియు, తప్పించుకొనుట సులభమనియు 1988లోఁ దేల్చెను. ఆ యేఁటి జనవరిలోనే సీ.బీ.ఎస్. వారి రికార్డుల శాఖ డాట్ నిర్మాతలగు సోనీవారి వశమైనది. వివాదమున నిరుపక్షములు నొకే యింటివారగుట విశేషము.

1989లో ఏథెన్సునగరమున యంత్రనిర్మాతలు, రికార్డింగు సంస్థలు నొక యొడంబడికకు వచ్చిరి. మొదటి ప్రతిని జేయనిత్తుము, ప్రతికిఁ బ్రతిని జేయనీయము అనునది దాని సారము. పద్ధతికి సీరియల్ కాపీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు, ఎస్.సి.ఎం.ఎస్. అని పొడియక్షరములతో వ్యవహరింతురు. గీతకర్తల కందేమియు ముట్టదు గనుక 1990లో సామీ కాన్ అను గీతకర్తయు సంగీతప్రచురణకర్తలును సోనీపై వ్యాజ్యము వేసిరి, మఱుసటియేఁడు రాజీపడిరి. ఇదంతయుఁ గలసి 1992 అక్టోబరు 28వ తేదీని ఆడియో హోమ్ రికార్డింగ్ యాక్టు అను అమెరికా చట్టమైనది. దాని ప్రకారము గృహయంత్రముపై నూటికి 2, ఖాళీ డిస్కు లేక టేపుపై నూటికి 3 చొప్పున రుసుము, గృహయంత్రములన్నిటను ఎస్.సి.ఎం.ఎస్. గాని తత్సమానమైనది గాని యుండవలెను. దానికి బదులుగా వర్తకము కొఱకుఁ గాక స్వంతమునకుఁ బ్రతి చేసికొనువారిపై నా విషయమున వ్యాజ్యము చెల్లదు. వృత్తిపరులకై నిర్మించిన యంత్రముల కీ నియమము వర్తింపదు.

ఇఁక నా గుఱుతు పనిచేయు తీరును జూతము. వ్యాకరణము చదివినవారి కిది యపరిచితము కాదు. కృధాతువునకు 'క్త' ప్రత్యయము చేరఁగా 'కృత' మగునే కాని యందలి కకారము వినఁబడదు. ఐనను గుణమును నిషేధించున దా కకారమే. రూపమునఁ జేరక, కార్యమును నియమించి తాను లోపించునది యనుబంధము. డిస్కుల గుఱుతును నట్టిదే. యంత్రమునుండి యంత్రమునకు సంఖ్యలు పోవు తీఁగలో ఒక్కొక్క కొలత వెంట సంగీతముతో సంబంధము లేని యంకె యొకటి ప్రయాణించును. అట్టివి 192 చేరఁగా నొక మాల యగును. సెకనునకు 230 మాలలకుఁ గొంచెము తక్కువగా వచ్చుచుండును. మాలలో నొక యంకె ప్రతిహక్కు రక్షింపఁబడినదా లేదా యనుటను దెలుపును; కొన్ని యంకెలు పంపిన యంత్రపు జాతిని దెలుపును; ఒకటి యది మూలమా ప్రతియా యనుటను దెలుపును. వినువాని చెవి కివి సోఁకవు. రికార్డరు మాత్రము వీనినిఁ జదివి, మూలమైనచో వ్రాసికొని, తన వ్రాఁతలో 'ఇది ప్రతి' యను గుఱుతు పెట్టును. ప్రతియైనచో వ్రాయ నిరాకరించును.

సూత్రమున్నచోట నపవాదముండక తప్పదు. మూలమును దెలుపు నంకె సామాన్యముగా ఒకటి. డిస్కు వాద్యయంత్రముల జాతిలోను, రేడియో ప్రసారముల జాతిలోను నది తలక్రిందై సున్న యగును. మఱియొక చిక్కు: డిస్కుమీఁది వ్రాఁతలో హక్కును దెలుపుట కొక యంకెకు మాత్రమే తావున్నది, తరమును దెలుపుటకుఁ దావు లేదు. ఆ యంకెనే సెకనునకుఁ గొన్నిసారులు వెలిఁగించుచు నార్పుచు నుండునట్లు చేసి, నిలుకడగా నున్నచో మూలమనియు, మినుకుమినుకుమనుచున్నచోఁ బ్రతియనియు సంకేతించిరి. ఒకే వర్ణముతో రెండర్థములు చెప్పించిన యీ లాఘవమును మెచ్చుకొనవలసినదే.

మన శాస్త్రమున నాదేశము స్థానివలె వ్యవహరించును, కాని వర్ణము నాశ్రయించిన విధులయందు మాత్ర మట్లు కాదు. ఇచ్చట వ్యత్యస్తము. వర్ణములన్నిటను ప్రతి మాతృకయే. అధికారమున మాత్రము కాదు. మాతృక కనఁగలదు, ప్రతి కనలేదు.

ఈ యేర్పాటులోని యన్యాయము రెండుచోట్ల బయటపడినది. మొదటిది, తన పాటను దానే పాడుకొనువాని విషయము. మైకుద్వారా గృహయంత్రమున వ్రాసికొనిన స్వంతగానమునకు నా యంత్రము ఒక తరము ప్రతినే యనుమతించును. అటుపిమ్మట మూలకర్తకే నిషేధము. యంత్ర మతనిని బరునిగాఁ జూచును. రెండవది 1992 చివర జపానున వెలువడిన మినీడిస్కు. దానిలోఁ బట్టుటకై సంగీతమును సుమారు అయిదవవంతునకుఁ గుదింతురు. చెవి గుర్తింపదని తలఁచిన భాగములను విడిచిపెట్టుదురు. దానినుండి తీఁగద్వారా మఱియొక మినీడిస్కునకు దింపునప్పుడు విప్పి మరలఁ గుదింపవలెను, తరతరమునకు నష్టమే. అనఁగా పాత క్యాసెట్టువలెనే స్వభావముచేతనే క్షీణించు ప్రతికి, క్షీణింపని ప్రతికొఱకుఁ గల్పించిన నిషేధమునే తగిలించిరి. హేతువు లేనిచోట విధి నిలిచినది.

డిస్కునుండి డిస్కునకే దింపు గృహయంత్రములు 1997 ప్రాంతమున బజారునకు వచ్చెను. ఫిలిప్స్ వారి సీడీఆర్ 870 ఆ యేఁటిదే. తరువాత రెండు అరలు గలవి వచ్చెను. ఒక యర చదువును, మఱియొకటి వ్రాయును. గుంటలు పోఁతపోసి యచ్చొత్తిన డిస్కువలెఁ గాక, వీనిలో రంగుపూఁతను కిరణముతో వేఁడిచేసి వ్రాయుదురు. వ్రాయుటకు ముందు కిరణ మెంత తీవ్రముగా నుండవలెనో యంత్రము డిస్కు లోపలి యంచునఁ బరీక్షించుకొనును. చివర విషయసూచిక వ్రాసి ముగించినఁ గాని యితర యంత్రములు దానిని జదువలేవు. మన పుస్తకములకుఁ బుష్పిక యెట్లో యిది యట్లు. ఈ యంత్రములు రుసుము చెల్లించిన 'సంగీతపు' డిస్కులనే యంగీకరించును. కంప్యూటరుకై యమ్మిన చవుక డిస్కు, పూఁతయుఁ గొలతలు నొకటే యైనను, లోపల వ్రాసిన జాతిసంకేతము వేఱగుటచే నిరాకరింపఁబడును.

ఆ కంప్యూటరే యీ కట్టడమును గూల్చినది. 1992 నాటి చట్టము సంగీతమును వ్రాయుటకే యుద్దేశింపఁబడిన యంత్రములను నిర్వచించినది. సర్వవిధములైన లెక్కలను జేయు కంప్యూటరు ఆ నిర్వచనమునఁ బడలేదు. అది డిస్కునందలి సంఖ్యలను మామూలు దత్తాంశమువలెఁ జదువును, అనుబంధమును జూడదు. రియో యను చేతిలోఁ బట్టు వాద్యయంత్రముపై రికార్డింగు సంస్థల సంఘము 1998లో వ్యాజ్యము వేయఁగా, కంప్యూటరు హార్డు డిస్కునుండి పాటలను గ్రహించు నా యంత్రము చట్టము చెప్పిన రికార్డింగు యంత్రము కాదని 1999 జూనులో అమెరికా తొమ్మిదవ సర్క్యూటు న్యాయస్థానము తీర్పు చెప్పెను. రుసుము చెల్లించి, గుఱుతును మన్నించి, నియమముప్రకారము వర్తించిన గృహయంత్రము ఒక తరముకడ నాఁగినది. నియమమే లేని యంత్రము వేయితరములకు దింపినది.

సోనీవారు డాట్ యంత్రములను 2005లోను, మినీడిస్కు యంత్రములను 2013లోను, ఖాళీ మినీడిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలోను మానిరి. ఇండ్లలో మిగిలిన డిస్కులపై రంగుపూఁత వెలుతురునకు, వేఁడిమికి నోర్వక చెడుచున్నది. వానిలోని కచేరీలను, పెద్దల కంఠములను నిలుపఁగోరువారు నేఁడు కంప్యూటరులోనికే యెత్తుచున్నారు. అట్లెత్తినప్పుడు ప్రతియని తెలుపు మినుకుమినుకు గుఱుతు రాలిపోవును. యంత్రము పూరించిన యూహాపాఠములు చూచిన కంటికిఁ గానరావు. గీఁతలవలనఁ గలిగిన పొరపాట్ల పట్టికను విడిగా వ్రాసి యుంచు చదువుపనిముట్లు కంప్యూటరులోఁ గలవు గాని, యా పట్టికను బాటతోఁ గూడ భద్రపఱచువారు తక్కువ. పట్టిక లేనిచోట వంశవృక్షము గీయఁబూనినవాఁడు డిస్కు పెట్టె యట్టపై నెవరో కలముతో వ్రాసిన తేదీని, ఊరిపేరును, 'ఫలానావారి డిస్కునుండి దింపినది' యను నొక పంక్తిని వెదకికొనవలెను.